గెలిచిన ఆటలో ఆర్చ్ మ్యానింగ్‌కి బూలు ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో సెప్టెంబర్ వచ్చిందంటే శనివారం భోజనాల దగ్గర ఒకటే మాట: కాలేజీ ఫుట్‌బాల్, అదీ అమెరికన్ ఫుట్‌బాల్. పిల్లలు యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో చదువుతుంటారు, లేదా అక్కడే చదివి ఈ ఊళ్ళోనే ఉద్యోగంలో చేరి ఉంటారు. నారింజ రంగు చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చుంటారు. ఆట అర్థంకాని పెద్దవాళ్ళు పక్కన కూర్చుని అడిగే ప్రశ్నలు ప్రతి ఇంట్లోనూ దాదాపు ఒకటే. 2025 సెప్టెంబర్ 13న జరిగిన ఆట తర్వాత అవి మరీ ఎక్కువయ్యాయి. ఆ ప్రశ్నలకి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

అసలు ఆ రోజు ఏం జరిగింది?

ఆస్టిన్‌లోని యూనివర్సిటీ జట్టు టెక్సాస్ లాంగ్‌హార్న్స్ సొంత స్టేడియంలో యూటెప్‌తో, అంటే ఎల్ పాసోలోని టెక్సాస్ యూనివర్సిటీ జట్టుతో ఆడింది. 27-10తో గెలిచింది. కానీ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు ఆర్చ్ మ్యానింగ్ 25 బంతులు విసిరితే 11 మాత్రమే రిసీవర్ల (పరిగెత్తి బంతి పట్టుకునేవాళ్ళ) చేతికి చేరాయి. మొత్తం 114 యార్డులు, ఒక టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం), ఒక ఇంటర్‌సెప్షన్ (ఎదుటి జట్టు పట్టేసుకున్న పాస్). మధ్యలో వరసగా పది పాస్‌లు ఒక్కటీ చేతికి చిక్కలేదు. అప్పుడే సొంత అభిమానులు నిరసనగా "బూ" అని అరిచారు. రెండు టచ్‌డౌన్లు మాత్రం అతనే బంతి పట్టుకుని పరిగెత్తి సాధించాడు.

గెలిచారు కదా, ఇంకా గొడవ దేనికి?

అందరూ మొదట అడిగేది ఇదే. మా అత్తగారు కూడా ఇదే అడిగారు. క్రికెట్‌లో మన జట్టు గెలిచినా ఓపెనర్ ఆఫ్ స్టంప్ బయట పడ్డ ప్రతి బంతికీ తడబడితే, ఆ రాత్రి మాట్లాడుకునేది అతని గురించే కదా. చిన్న జట్టు మీద నెగ్గాం సరే, రేపు పెద్ద జట్టు వస్తే ఏంటి పరిస్థితి అన్నదే దిగులు.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ దిగులుకి ఇంకో కారణం కూడా ఉంది. సీజన్ మొత్తానికి మామూలు ఆటలు పన్నెండే. అందులో రెండు ఓడితే గుండె దడ మొదలవుతుంది, మూడు ఓడితే ఛాంపియన్‌షిప్ ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. టెక్సాస్ అప్పటికే మొదటి ఆట ఓడింది. ఆగస్టు 30న ఒహాయో స్టేట్ గడ్డ మీద 14-7తో. అంతకుముందే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ సీజన్ ముందు ర్యాంకుల్లో టెక్సాస్‌ని మొదటి స్థానంలో పెట్టింది. ఆ జట్టు చరిత్రలో అలా జరగడం అదే తొలిసారి. ఆశ అంత ఎత్తున ఉన్నప్పుడు 17 పాయింట్ల తేడాతో గెలిచినా అభిమానులకి చాలలేదు.

క్వార్టర్‌బ్యాక్ అంటే కెప్టెనా?

కెప్టెన్ కావచ్చు, కాకపోవచ్చు. పని వేరు. దాడి చేసే పదకొండు మందిలో ప్రతి ప్లే (బంతి కదిలి మళ్ళీ ఆగేదాకా సాగే ఒక ప్రయత్నం) మొదలయ్యేది అతని చేతిలోంచే. పది యార్డులు ముందుకి వెళ్ళడానికి జట్టుకి నాలుగు అవకాశాలు ఉంటాయి. బంతి అందుకున్నాక అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. ఆ లోపల ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూడాలి, మొదటి రిసీవర్ ఖాళీగా ఉన్నాడా, లేకపోతే రెండోవాడా, మూడోవాడా అని వరసగా కళ్ళు తిప్పాలి, ఎవరికీ ఇవ్వలేకపోతే పరిగెత్తాలి లేదా బంతిని బయటికి విసిరేయాలి. ఇదంతా నూట ముప్పై కిలోల మనుషులు మీదకి దూసుకొస్తుంటే చెయ్యాలి. అందుకే గెలిస్తే పొగడ్త, ఓడితే తిట్టు రెండూ ముందు అతనికే.

ఇతని మీదే ఇంత ఆశ ఎందుకు?

ఇంటిపేరు. అమెరికా ఫుట్‌బాల్‌లో మ్యానింగ్ అంటే తెలియనివాళ్ళు లేరు. తాత ఆర్చీ మ్యానింగ్ న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు క్వార్టర్‌బ్యాక్. పెదనాన్న వరస కాదు, బాబాయిలే ఇద్దరూ: పేటన్, ఈలై. ఇద్దరూ చెరి రెండు సూపర్‌బౌల్స్ (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్స్) గెలిచారు. తండ్రి కూపర్ ముగ్గురిలో పెద్దవాడు, మంచి రిసీవర్. వెన్నెముక జబ్బు బయటపడి పద్దెనిమిదేళ్ళకే ఆట వదిలేయాల్సి వచ్చింది. ఆ సంగతి తెలిశాక ఈ కుర్రాడి ఆట చూస్తుంటే నాకు మనసు కొంచెం మెత్తబడుతుంది. దాచను.

ఆర్చ్ 2004 ఏప్రిల్‌లో పుట్టాడు. న్యూ ఓర్లీన్స్‌లో ఇసిడోర్ న్యూమన్ స్కూల్లో చదివాడు. 2022లో టెక్సాస్‌కి వస్తానని ప్రకటించిన రోజు నుంచే ఇక్కడివాళ్ళు లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. వచ్చాక రెండేళ్ళు అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ వెనక ఓపిగ్గా ఉన్నాడు. మొదటి ఏడాది ఆడక కూర్చున్నవాళ్ళు వేరే కాలేజీకి వెళ్ళిపోయే కాలం ఇది. అతను వెళ్ళలేదు. 2024లో యూవర్స్ గాయపడితే యూటీ శాన్ ఆంటోనియో మీద దిగి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 67 యార్డులు పరిగెత్తి ఇంకో టచ్‌డౌన్ చేశాడు. ఆ ఒక్క సాయంత్రం చూసి అందరూ ఒక బొమ్మ గీసేసుకున్నారు. 2025లో తిట్టింది, నిజానికి, ఆ బొమ్మతో పోల్చి.

11/25 అంటే అంత ఘోరమా? అంకెల్లో చెప్పండి.

కాలేజీ ఆటలో పాసర్ రేటింగ్ అని ఒక లెక్క ఉంది. కాగితం మీద మనమే వేసుకోవచ్చు. యార్డులని 8.4తో గుణించాలి. దానికి ప్రతి టచ్‌డౌన్‌కీ 330, చేతికి చేరిన ప్రతి పాస్‌కీ 100 కలపాలి. ప్రతి ఇంటర్‌సెప్షన్‌కీ 200 తీసేయాలి. వచ్చినదాన్ని విసిరిన బంతుల సంఖ్యతో భాగించాలి.

ఒహాయో స్టేట్ మీద 30కి 17, 170 యార్డులు, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్: రేటింగ్ 108.6. తర్వాతి వారం శాన్ హోసే స్టేట్ మీద 38-7తో గెలిచిన ఆటలో 30కి 19, 295 యార్డులు, నాలుగు టచ్‌డౌన్లు, ఒక ఇంటర్‌సెప్షన్: 183.3. యూటెప్ మీద 87.5. అంటే దేశంలోకెల్లా గట్టి జట్లలో ఒకదాని మీద ఓడినప్పటికంటే, ర్యాంకు లేని జట్టు మీద గెలిచినప్పుడు తక్కువ వచ్చింది. అభిమానులకి కోపం తెప్పించింది ఇదే.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, మర్చిపోకండి. అతను పరిగెత్తి చేసిన రెండు టచ్‌డౌన్లకి ఇందులో సున్నా. రిసీవర్ చేతిలోంచి జారిన బంతి, క్వార్టర్‌బ్యాక్ తప్పుగా విసిరిన బంతి ఇందులో ఒకటే.

తప్పంతా అతనిదేనా?

కాదు. కానీ కొంత అతనిదే, అది ఒప్పుకోవాలి.

ముందు అతనిది చెప్తాను. టీవీలో ఆ ఆట మళ్ళీ వేస్తే బంతిని వదిలేసి అతని పాదాలు చూడండి. కుడిచేతివాటం క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే మూడో ఐదో అడుగులు వెనక్కి వేస్తాడు. చివరి అడుగు నేలలో గట్టిగా దిగాలి. తర్వాత ఎడమ పాదం రిసీవర్ ఉన్న వైపుకి చిన్నగా పడాలి. నడుము తిరగాలి, భుజం తిరగాలి, అన్నిటికంటే చివర చెయ్యి రావాలి. ఈ వరస తప్పితే బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది. చెయ్యి ఒక్కటే పనిచేస్తుంది. అప్పుడు బంతి రిసీవర్ తల మీదుగా పోతుంది, లేదా వీపు వెనక పడుతుంది. ఆ పది పాస్‌ల వరసలో నాకు కనిపించింది చాలావరకు అదే. ఎవరూ మీదకి రాకపోయినా పాదాలు కుదురుగా లేవు. ఒక రిసీవర్ ఖాళీగా ఉన్నా బంతి అందలేదు. ఒకటి తప్పాక రెండోది ఇంకా తొందరగా, మూడోది ఇంకా గట్టిగా. అది టెన్షన్, చేతకానితనం కాదు. టైప్ చేస్తుంటే ఒక అక్షరం తప్పుపడ్డాక వేళ్ళు ఇంకా తప్పులు చేస్తాయి చూడండి, అలాగ.

ఇక అతనిది కానిది. 2024 జట్టు దాదాపు ఖాళీ అయిపోయింది. క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ముందు వరసలో (దాన్నే లైన్ అంటారు) ఐదుగురుంటే నలుగురు వెళ్ళిపోయారు. వాళ్ళలో కెల్విన్ బ్యాంక్స్‌ని 2025 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునేచోట, సెయింట్స్ తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. రిసీవర్ మాథ్యూ గోల్డెన్ మొదటి రౌండులోనే ప్యాకర్స్ జట్టుకి వెళ్ళాడు. మరో రిసీవర్ ఐజయా బాండ్, టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి పాస్‌లు కూడా పట్టే ఆటగాడు) గన్నర్ హెల్మ్ కూడా లేరు. కొత్త లైన్, కొత్త రిసీవర్లు, కొత్త క్వార్టర్‌బ్యాక్. రిసీవర్ ఏ మలుపులో తల తిప్పుతాడో క్వార్టర్‌బ్యాక్‌కి ఒంట్లోకి దిగాలి. అది ప్రాక్టీసులో కొంత, అసలు ఆటల్లో ఎక్కువ వస్తుంది. అప్పటికి ఆడిన అసలు ఆటలు రెండే.

భుజానికి గాయం ఉందని విన్నాం, నిజమా?

బంతి విసిరాక అతని మొహం నొప్పిగా ముడుచుకోవడం కెమెరాకి చిక్కింది. దాంతో మాట పుట్టింది. గాయం లేదని హెడ్ కోచ్ స్టీవ్ సార్కిసియన్ చెప్పాడు. వారం తర్వాత సామ్ హ్యూస్టన్ మీద ఆట చూశాక ఆ చర్చ దానంతటదే చల్లబడింది.

అతన్ని తీసేసి వేరేవాణ్ణి దించాల్సిందేమో?

ఇలా అడిగేవాళ్ళందరి మనసులో ఉండే ఆట ఒకటుంది. 2018 జనవరి 8, అట్లాంటా, జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్. సగం ఆట అయ్యేసరికి అలబామా 13-0తో జార్జియా మీద వెనకబడి ఉంది. కోచ్ నిక్ సేబన్ రెండు సీజన్లుగా ఆడుతున్న జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి, పందొమ్మిదేళ్ళ టువా టాగోవైలోవాని దించాడు. మొదటి ఏడాది కుర్రాడు. అదనపు సమయంలో మొదటి ప్లేలోనే అతన్ని పట్టుకుని 16 యార్డులు వెనక్కి పడేశారు. తర్వాతి ప్లేలోనే డివొంటా స్మిత్‌కి 41 యార్డుల పాస్, టచ్‌డౌన్, 26-23, ఛాంపియన్లు.

ఆ కథలో జనం మర్చిపోయే రెండో సగం నాకు ఇంకా ఇష్టం. అదే ఏడాది డిసెంబర్ 1న ఎస్ఈసీ (దక్షిణాది కాలేజీ జట్ల లీగ్) ఫైనల్లో టువా గాయపడితే హర్ట్స్ బెంచి మీద నుంచి లేచి వచ్చి అదే జార్జియా మీద 35-28తో గెలిపించాడు. తర్వాత ఓక్లహోమాకి వెళ్ళాడు. 2025 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ జట్టు ఈగిల్స్‌ని సూపర్‌బౌల్ గెలిపించి, ఆ ఆటలో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఒక రాత్రి కూర్చోబెట్టారని అతని కథ ముగియలేదు.

ఇక టెక్సాస్ సంగతి. అలబామా ఆ రోజు ఓడిపోతోంది, పైగా చేతిలో టువా లాంటివాడు సిద్ధంగా ఉన్నాడు. యూటెప్ ఆటలో టెక్సాస్ ఓడిపోవడం లేదు. ట్రాయ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన రెండో క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ కాల్డ్వెల్ నమ్మకస్తుడే గానీ, సీజన్ అతని చేతికిచ్చేంత తేడా లేదు. పైగా మూడో ఆటకే తీసేస్తే ఆ కుర్రాడు మళ్ళీ బంతి విసిరేటప్పుడు ప్రతిసారీ బెంచి వైపు చూస్తాడు. సార్కిసియన్ అతన్ని కొనసాగించడం సరైన పనే అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

సొంత స్టేడియంలో బూ అనడం తప్పా? టికెట్ కొన్నాం కదా.

ఇక్కడ మా ఇంట్లోనే రెండు పార్టీలు. ఒక పార్టీ మాట: ఇప్పుడు వీళ్ళు ఉత్త విద్యార్థులు కారు. 2021 జులై నుంచి పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బిస్తున్నాయి. ఆర్చ్ ప్రకటనల్లో కనిపిస్తాడు. డబ్బు తీసుకున్నాక మాట పడాల్సిందే.

ఈ వాదన సగమే ఒప్పుకుంటాను. ఆటని విమర్శించండి. పాదాలు కుదరలేదనండి, రెండో రిసీవర్ని చూడలేదనండి, అలాంటి విమర్శ అతనికి ఇంట్లోనే దొరుకుతుంది. కానీ లక్షమంది పట్టే స్టేడియంలో ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడికి బూ అనే శబ్దం ఏమీ నేర్పదు. ముందే తొందరపడుతున్న చేతిని ఇంకా తొందరపెడుతుంది. ఆ మైదానంలో దిగిన పదకొండు మందిలో మిగతా పది మందికీ అదే వినపడుతుంది. లైన్‌లో మొదటి ఏడాది ఆడుతున్నవాడికి కూడా. బంతి ప్రత్యర్థి దగ్గర ఉన్నప్పుడు గొంతు చించుకుని అరవండి. అది ఆటలో భాగం, నిజంగా ఉపయోగపడుతుంది.

తర్వాత ఏమైంది?

సెప్టెంబర్ 20న సామ్ హ్యూస్టన్ మీద 55-0. మ్యానింగ్ 21 విసిరితే 18 అందాయి, 309 యార్డులు, మూడు టచ్‌డౌన్ పాస్‌లు, పరిగెత్తి ఇంకో రెండు. పై లెక్కలో 256.5 వస్తుంది. వారం క్రితం బూ అన్న స్టేడియమే.

అంతటితో సర్దుకోలేదు. ఫ్లోరిడా చేతిలో 29-21తో ఓడారు. ఓక్లహోమాని డాలస్‌లో 23-6తో కొట్టారు. కెంటకీ మీద గెలుపు మళ్ళీ యూటెప్ లాంటి గొడవే తెచ్చింది: అదనపు సమయంలో 16-13తో బయటపడ్డారు, మ్యానింగ్ 27కి 12, 132 యార్డులు. ఆ రోజు గెలిపించింది డిఫెన్స్. గోల్ గీతకి ఒక్క యార్డు దూరంలో కెంటకీని ఆపేశారు. తర్వాతి వారం మిసిసిపీ స్టేట్ మీద నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లు వెనకబడి 45-38తో గెలిచారు. అందులో అతను 346 యార్డులు విసిరాడు. అదనపు సమయంలో తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్తే, గెలిపించిన పాస్ వేసింది కాల్డ్వెల్. వాండర్‌బిల్ట్ మీద మొదటి ప్లేకే రయన్ వింగోకి 75 యార్డుల టచ్‌డౌన్. జార్జియా దగ్గర 35-10తో చిత్తు. ఆర్కన్సా మీద ఒకే ఆటలో టచ్‌డౌన్ విసిరాడు, పరిగెత్తాడు, పట్టుకున్నాడు కూడా.

నవంబర్ 28 ఆట మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. అప్పటిదాకా ఓటమి ఎరగని టెక్సాస్ ఎ అండ్ ఎంని ఆస్టిన్‌లో 27-17తో ఓడించారు. నాలుగో క్వార్టర్‌లో మ్యానింగ్ 35 యార్డులు పరిగెత్తి చేసిన టచ్‌డౌన్‌కి ఊరంతా మోగిపోయింది. అతని పాసింగ్ ఆ రోజు ఎంత? 29కి 14. సగం కంటే తక్కువ. యూటెప్ మీద 44 శాతం, ఎ అండ్ ఎం మీద 48 శాతం. ఒకదానికి బూ, ఒకదానికి జేజేలు. సెప్టెంబర్‌లో తిట్టినవాళ్ళలో ఎంతమంది ఈ అంకె చూసుకున్నారో గానీ, నేను మాత్రం రాత్రి కాగితం తీసి రెండూ పక్కపక్కన రాసుకున్నాను.

మూడు ఓటముల వల్ల ఛాంపియన్‌షిప్ తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో చోటు రాలేదు. డిసెంబర్ 31న సిట్రస్ బౌల్ అనే సీజన్ చివరి ప్రత్యేక ఆటలో మిషిగన్‌ని 41-27తో ఓడించారు. అందులో అతను 155 యార్డులు పరిగెత్తాడు, ఒక పరుగే 60 యార్డులు.

రెడ్‌షర్ట్ అంటే ఏమిటి? మూడో ఏడాది కుర్రాణ్ణి ఇంకా చిన్నవాడంటారేం?

2025 నాటి నియమం ప్రకారం కాలేజీ ఆటగాడికి ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడే హక్కు ఉండేది. నాలుగు ఆటలకి మించి ఆడకపోతే ఆ ఏడాది లెక్కలోకి వచ్చేది కాదు. దాన్నే రెడ్‌షర్ట్ అంటారు. 2023 ఆర్చ్‌కి అలాంటి ఏడాది. కాబట్టి 2025 అతనికి చదువులో మూడో ఏడాది, ఆటలో రెండోది, జట్టు భారమంతా మోయడంలో మొదటిది.

కాలేజీలో ఉన్న మా అమ్మాయి ఆట ఓడితే ఫోన్ ఎత్తదు, గెలిచినా చిరాగ్గా ఉంటుంది. ఏం మాట్లాడాలి?

"గెలిచారు కదమ్మా" అనకండి. ఆ మాటతో సంభాషణ అక్కడే ఆగిపోతుంది. "ఇవాళ లైన్ ఎలా కాచింది?" అని అడగండి. అరగంట మాట్లాడుతుంది. మా ఇంట్లో పనిచేసింది.

వచ్చే ఆటలో క్వార్టర్‌బ్యాక్ బాగా ఆడాడో లేదో నేనే ఎలా చెప్పగలను?

మొదటి క్వార్టర్‌లో బంతి వెంట కళ్ళు పోనివ్వకండి, కష్టమే. స్నాప్ కాగానే (బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి రాగానే) మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మూడు లోపల బంతి చేతిలోంచి వెళ్ళిందా? వెళ్ళేముందు తల ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిరిగిందా, లేక మొదటి మనిషినే చూస్తూ ఉన్నాడా? మూడో ప్రయత్నంలో ఏడు, ఎనిమిది యార్డులు కావాల్సినప్పుడు ఏం చేశాడు? తప్పు పాస్ పడ్డ తర్వాతి ప్లేలో పాదాలు ఎలా ఉన్నాయి? ఒక కాగితం పక్కన పెట్టుకుని నాలుగు గీతలు గీసుకుంటే చాలు. రెండో క్వార్టర్‌కి మీ పిల్లలే వచ్చి ఆ కాగితంలోకి తొంగి చూస్తారు.